కుంగుబాటు మందు ఖరీదెంత?

ఒక మాత్ర ఖరీదెంత అని అడిగినచో మందుల దుకాణదారుడు అట్టమీద ముద్రించిన అంకె చూచి చెప్పును. అదే ప్రశ్న అర్థశాస్త్రవేత్తను అడిగినచో 'ఎవరికి?' అని ఎదురు ప్రశ్న వేయును. ఇది చమత్కారము కొరకు అన్న మాట కాదు. ఒకే కంపెనీ చేసి, ఒకే వెలకు అమ్మిన మాత్ర పట్టణములోని ఉద్యోగికి ఒక విధముగను, పల్లెలోని కూలికి వేరొక విధముగను ఖర్చు తెచ్చును. నెలల తరబడి వాడవలసిన మందుల విషయములో ఈ భేదము మిక్కిలి స్పష్టముగా కనబడును. మనస్సు కుంగిపోవు వ్యాధికి ఇచ్చు మందులు అట్టివి. వాటి ఖర్చు ఏయే భాగములతో ఏర్పడుచున్నదో, ఏ వర్గము వారిపై ఎంత భారము పడుచున్నదో ఈ వ్యాసములో చూతము.

వ్యాధి ఎట్టిది?

కష్టము వచ్చినప్పుడు విచారము కలుగుట సహజము. పరీక్ష తప్పిన విద్యార్థి, పంట పోయిన రైతు కొన్నాళ్లు దిగులుగా ఉందురు; పిమ్మట కోలుకొందురు. వైద్యులు డిప్రెషన్ అని పిలుచు కుంగుబాటు ఇట్టిది కాదు. కనీసము రెండు వారములపాటు దాదాపు ప్రతిదినము మనస్సు కుంగి ఉండుట, దేనిమీదను ఆసక్తి లేకపోవుట, నిద్రయు ఆకలియు చెడుట, తీరని అలసట, తాను ఎందుకును పనికిరానను భావము, ఒక్కొక్కప్పుడు చావు తలంపులు - ఇవి దాని లక్షణములు. మన దేశములో ఈ రోగులలో చాలమంది మనస్సు బాగుండలేదని చెప్పరు. ఒళ్లునొప్పులు, నీరసము, నిద్రపట్టక పోవుట అని చెప్పుకొని వైద్యుని వద్దకు పోవుదురు.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ పన్నెండింటిలో లేవు. పెద్దవారిలో ఇరువదిమందికి ఒకరు చొప్పున తమ జీవితములో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురియైనట్లు ఆ సర్వే తేల్చెను. వ్యాధి ఉన్నవారిలో నూటికి 85 మంది చికిత్స పొందుట లేదనియు తెలిపెను. ఈ రెండవ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెను. మందు వెల మాత్రమే అడ్డమైనచో ఇంతమంది చికిత్సకు దూరముగా ఉండవలసిన పని లేదు. ఎందుచేతననగా, ఈ మందులు నేడు మన దేశములో చౌకయైనవి.

మందులు ఎట్లు పుట్టినవి, ఎట్లు చౌకయైనవి?

మొదటి మందు అనుకోకుండ దొరికినది. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఇప్రొనియజిడ్ అను మందు ఇచ్చిరి. మంచములు పట్టియున్న రోగులు హుషారుగా తిరుగసాగిరి. క్షయకు ఇచ్చిన మందు మనస్సుమీద పనిచేయుట చూచి, 1957 నాటికి నేథన్ క్లైన్ అను వైద్యుడు దానిని కుంగుబాటుకు వాడి చూచెను. ఆ కాలముననే స్విట్జర్లండులో రోలండ్ కూన్ అను వైద్యుడు ఇమిప్రమిన్ అను మరియొక మందు గుణమును కనుగొనెను. అమెరికాలోని ఇలై లిల్లీ కంపెనీ తయారు చేసిన ఫ్లుయోక్సెటిన్‌కు 1987 డిసెంబరులో ఆ దేశ ప్రభుత్వము అనుమతి ఇచ్చెను. ప్రోజాక్ అను పేరుతో అది లోకమంతట ప్రసిద్ధి కెక్కెను.

మెదడులో ఒక నాడీకణము మరియొక కణమునకు సందేశము పంపుటకు సెరొటోనిన్ వంటి పదార్థములను విడుదల చేయును. పిదప వాటిని తిరిగి లోనికి పీల్చుకొనును. ఫ్లుయోక్సెటిన్ ఈ పీల్చుకొనుటను అడ్డగించును. అంతమాత్రమున కుంగుబాటు అనగా సెరొటోనిన్ కొరత అని తలచరాదు. ఆ సులభమైన వివరణ రుజువు కాలేదు. మందు పనిచేయునా లేదా అనునది వేరు ప్రశ్న. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటింపబడిన సమీక్ష 522 పరీక్షలను, 1,16,477 మంది రోగుల ఫలితములను కలిపి చూచినది. పరిశీలించిన 21 మందులును ఉత్తుత్తి మాత్రకంటె మేలైనవిగా తేలినవి. ఐతే ఆ మేలు సగటున కొద్దిపాటిది. వ్యాధి తీవ్రముగా ఉన్నవారికి మందువలన లాభము ఎక్కువ. స్వల్పముగా ఉన్నవారికి ఉత్తుత్తి మాత్రకును మందుకును భేదము చాల తక్కువ.

ఇక వెల సంగతి. కొత్త మందును కనుగొన్న కంపెనీకి పేటెంటు ఉన్నంతకాలము దానిని మరియొకరు తయారు చేయరాదు. 2000 సంవత్సరములో ప్రోజాక్ అమ్మకములు 250 కోట్ల డాలర్లు దాటినవి. 2001 ఆగస్టులో అమెరికాలో పేటెంటు గడువు తీరగానే ఇతర కంపెనీలు అదే మందును చౌకగా విడుదల చేసినవి. వాటిలో ఒకటి మన హైదరాబాదుది. అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 40 మిల్లీగ్రాముల ఫ్లుయోక్సెటిన్‌ను ఆరు నెలల ప్రత్యేక హక్కుతో అమెరికాలో విడుదల చేసినది. అటువంటి హక్కును పొందిన మొదటి భారతీయ సంస్థ అదియే.

మన దేశములో అంతకు చాలముందే ఈ మందు చౌక. 1970 పేటెంటు చట్టము మందుకు గాక, మందు తయారుచేయు పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చెడిది. వేరు పద్ధతిలో అదే మందు చేయుటకు మన రసాయన శాస్త్రజ్ఞులకు అడ్డు లేకపోయెను. 2005లో ఈ నియమము మారినను, అప్పటికే వాడుకలోనున్న పాత మందులు చౌకగానే నిలిచినవి. ఫ్లుయోక్సెటిన్, ఎసిటాలోప్రామ్, అమిట్రిప్టిలిన్ అను మూడును జాతీయ అత్యవసర ఔషధముల జాబితాలో ఉన్నవి. అట్టి మందులకు ప్రభుత్వము గరిష్ఠ ధర నిర్ణయించును.

వెల వేరు, ఖర్చు వేరు

అర్థశాస్త్రములో ఖర్చును రెండు విధములుగా చెప్పుదురు. జేబులోనుండి నేరుగా పోవునది ప్రత్యక్ష వ్యయము. పని మానుటవలన చేతికి రాకుండ పోవునది పరోక్ష వ్యయము. ఈ భేదము తెలియుటకు ఒక లెక్క చేయుదము. ఇందలి అంకెలు లెక్క కొరకు ఊహించినవే.

ఒక వ్యవసాయకూలి కుటుంబపు నెల ఆదాయము 12,000 రూపాయలు అనుకొందము. భర్తకు కుంగుబాటు వచ్చినది. మానసిక వైద్యుడు జిల్లా కేంద్రములో ఉన్నాడు. నెలకొకసారి భార్య తోడుగా పోవలెను. ఒకనాటి ప్రయాణమునకు ఇద్దరి బస్సు చార్జీ 240, టీ, భోజనము 110, వైద్యుని ఫీజు 300, నెలకు సరిపడు మాత్రలు 150 రూపాయలు. ఆనాడు భర్త కూలి 500, భార్య కూలి 400 పోవును. మొత్తము 1,700 రూపాయలు.

పట్టణములోనున్న ఒక ఉద్యోగి నెల జీతము 60,000 అనుకొందము. అతనికి మాత్రలు 150, ఫీజు 300, ఆటో 100 - మొత్తము 550 రూపాయలు. సాయంకాలము పోయి చూపించుకొనును గనుక జీతము తగ్గదు.

మాత్రల వెల ఇద్దరికిని 150 రూపాయలే. కాని ఉద్యోగి తన ఆదాయములో నూటికి ఒక పాలుకూడ పెట్టలేదు. కూలి కుటుంబము నూటికి 14 పాళ్లు పెట్టినది. ఆదాయము తక్కువగా ఉన్నవాడు చిన్న మొత్తము చెల్లించుట కాదు. ఉద్యోగికంటె మూడు రెట్లు ఎక్కువ మొత్తము చెల్లించుచున్నాడు!

ఇంకొక సంగతి గమనింపుడు. కూలి కుటుంబపు 1,700 రూపాయలలో మాత్రల వంతు నూటికి 9 మాత్రమే. ప్రభుత్వాసుపత్రిలో మాత్రలును వైద్య పరీక్షయు ఉచితముగా లభించినను, ఇంకను 1,250 రూపాయలు మిగిలియే ఉండును. అదే ఉచిత మందు ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో దొరకినచో, బస్సు చార్జీ లేదు, తోడు అక్కరలేదు. ఒక పూట కూలి 250 రూపాయలతో పని తీరును. వ్యాధి కుదుటబడిన తరువాత ఒకసారికి రెండు నెలల మందు ఇచ్చినచో ఆ ఖర్చులో సగమే అగును. కావున పేదవాని విషయములో చికిత్స ఖరీదును నిర్ణయించునది మందుల కర్మాగారము కంటె ఎక్కువగా బస్సు దారి పొడవే.

ఇది ఊహ మాత్రమే కాదు. పైన చెప్పిన జాతీయ సర్వేలో మనోవ్యాధిగల కుటుంబములు నెలకు సుమారు 1,000 నుండి 1,500 రూపాయల వరకు వ్యయము చేయుచున్నవనియు, అందులో చికిత్సతోపాటు ప్రయాణమే ముఖ్యభాగమనియు తేలినది.

కాలము కూడ ఖర్చే

తలనొప్పి మాత్ర ఒక గంటలో పనిచేయును. కుంగుబాటు మందు గుణము కనబడుటకు రెండు నుండి నాలుగు వారములు పట్టును. వికారము, నిద్ర చెడుట వంటి ఇబ్బందులు మాత్రము మొదటి వారములోనే రావచ్చును. అనగా రోగి ముందు ఖర్చు పెట్టి, ఇబ్బంది పడి, ఫలితము కొరకు తరువాత వేచియుండవలెను. నెల జీతము ఉన్నవాడు వేచియుండగలడు. ఏ రోజు కూలి ఆ రోజు తినువాడు రెండవ వారములోనే 'ఈ మందు పనిచేయలేదు' అని మానివేయును. అప్పుడు అతడు పెట్టినదంతయు వృథా.

గుణము కనబడిన పిమ్మటను, వ్యాధి తిరుగబెట్టకుండుటకు కనీసము ఆరు నెలలపాటు మందు కొనసాగించవలెనని వైద్యులు చెప్పుదురు. చేతిలో డబ్బు లేక మధ్యలో హఠాత్తుగా మానినచో కొందరికి తల తిరుగుట, చిరాకు, నిద్రలేమి, ఒంటిలో విద్యుత్తు తాకినట్లుండుట కలుగును. అందుచేత మోతాదును వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించవలెను. దీనికి మరల వైద్యుని వద్దకు పోవలెను; మరల ఖర్చు. ఆరోగ్య బీమా పథకములు సాధారణముగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చును భరించును. కుంగుబాటు రోగులలో చాలమంది ఆసుపత్రిలో చేరకయే చికిత్స పొందుదురు గనుక వారి బస్సు చార్జీ, నెలసరి మాత్రలు ఆ లెక్కలోనికి రావు. మానసిక వ్యాధికిని శరీర వ్యాధులతో సమానముగా బీమా ఉండవలెనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించినను ఈ చిక్కు పూర్తిగా తీరలేదు.

లెక్కలోనికి రానివారు

కుంగుబాటు పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ. కాని జీతము రాని ఇంటిపని చేయు స్త్రీ మంచమెక్కినచో పోయిన కూలి ఎంత అను ప్రశ్నకు లెక్క పుస్తకములో సున్న వ్రాయుదురు. నీరు మోయుట, వంట, పిల్లల పెంపకము, పశువుల పోషణ - ఇవన్నియు ఆగిపోవును, లేదా ఇంటిలోని ఆడపిల్ల బడి మాని చేయును. బడి మానిన ఆ పిల్ల నష్టము ఆ యేడాది లెక్కలో కనబడదు. ఇరువది యేండ్ల తరువాత ఆమె సంపాదనలో కనబడును. చికిత్సకు పోవలెనన్నను ఇటువంటి స్త్రీ చేతిలో తన సొంత డబ్బు ఉండదు. మరియొకరి అనుమతి, మరియొకరి తోడు కావలెను.

యువకులది వేరు చిక్కు. ఈ మందులు వాడు పిల్లలలో ఆత్మహత్య ఆలోచనలు పెరుగవచ్చునని అమెరికా ఔషధ సంస్థ 2004లో హెచ్చరిక చేర్చినది. 2007లో దానిని 24 యేండ్ల వయస్సు వరకు పొడిగించినది. దీని అర్థము యువకులకు మందు ఇయ్యరాదని కాదు. మొదటి వారములలో వైద్యుడు తరచుగా చూడవలెను, ఇంటివారు కనిపెట్టి ఉండవలెను అని అర్థము. కావున యువకుల చికిత్సలో మాత్రల ఖర్చుకంటె పర్యవేక్షణ ఖర్చు ఎక్కువ. స్నేహితుడు వాడు మాత్రను తానును కొని మింగుట ఎంతమాత్రము తగదు.

గోవాలో తేలినది

ఇంత ఖర్చు పెట్టి వైద్యము చేయించుట లాభమా, నష్టమా? దీనికి మన దేశములోనే జవాబు వెదకిరి. గోవా జిల్లా ఆసుపత్రులకు వచ్చిన 450 మంది రోగులను మూడు సమూహములు చేసి ఒక దానికి ఫ్లుయోక్సెటిన్, ఒక దానికి ఉత్తుత్తి మాత్ర, మూడవదానికి మాటలతో చేయు చికిత్స ఇచ్చి, ఫలితములను విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 2003లో ప్రకటించిరి. రెండు నెలల నాటికి మందు తీసికొనినవారి స్థితి ఉత్తుత్తి మాత్ర వారికంటె మెరుగుగా నుండెను. ఆ తరువాత ఆరోగ్యములో భేదము తగ్గిపోయినను, ఖర్చులో మందు సమూహము లాభముగానే నిలిచినది. చికిత్స లేని కుంగుబాటు రోగి ఊరకుండడు. నొప్పులకని, నీరసమునకని, టానిక్కులకని, పరీక్షలకని తిరుగుచునే ఉండును. అసలు వ్యాధికి మందు పడినచో ఆ తిరుగుడు తగ్గును. 

ఈ పరిశీలనలో మాటల చికిత్స ఉత్తుత్తి మాత్రను మించలేదు. ఐనను పరిశోధకులు ఆ మార్గమును విడువలేదు. ఆరోగ్య కేంద్రములలో వైద్యులు కాని స్థానికులకు తర్ఫీదు ఇచ్చి, రోగికి ధైర్యము చెప్పుట, మందు మానకుండ చూచుట, అవసరమైనవారికే మందు ఇప్పించుట అను పద్ధతిని అమలు జరిపిరి. 2010లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ప్రభుత్వ కేంద్రములలో ఆరు నెలలకు ఈ పద్ధతిలో నూటికి 66 మంది కోలుకొనిరి. మామూలు పద్ధతిలో 42 లేక 43 మంది మాత్రమే. 2012లో వేసిన లెక్కలో, రోగుల కాలము విలువను కూడ కలిపి చూచినప్పుడు, ప్రభుత్వ కేంద్రములలో ఈ పద్ధతికి ఖర్చు తక్కువే అయినది. తమ కుటుంబ వైద్యునికే చూపించుకొను ప్రైవేటు కేంద్రములలో మాత్రము ఇంతటి భేదము కనబడలేదు. అనగా ఎవరికి సాధారణముగా తీరికగా మాట్లాడు వైద్యుడు లభింపడో, వారికే ఈ సాయము ఎక్కువ ఉపకరించినది.

మందు చౌకయైతే చాలునా?

ఇంతవరకు మందు అందని దేశమును చూచితిమి. మందు సులభముగా అందు దేశములో ఖర్చు ఎట్లుండును? దీనికి ఇంగ్లండు మంచి ఉదాహరణము. అచ్చట 2022-23లో సుమారు 86 లక్షల మంది ఈ మందులు వాడిరి. 8 కోట్ల 60 లక్షల చీటీ పద్దులు నమోదైనవి. పేదలు నివసించు ప్రాంతములలో మందు వాడువారి సంఖ్య అత్యధికము. సంపన్న ప్రాంతములలో అత్యల్పము. స్త్రీలు పురుషులకు దాదాపు రెండింతలు. అచ్చట ఖర్చులో పెద్దభాగమును ప్రభుత్వమే భరించును. కాని నిరుద్యోగము, ఇరుకు ఇండ్లు, అప్పులు తెచ్చిన కుంగుబాటు అవి పోనిదే పూర్తిగా పోదు. మాత్ర రోగిని లేపి నిలబెట్టగలదు, అప్పు తీర్చలేదు. స్వల్పముగా వ్యాధి ఉన్నవారికి మాత్ర ఇచ్చి, మాట్లాడుటకు మనిషిని ఇయ్యకపోవుట పైకి చౌకగా కనబడు ఖరీదైన పని. ఈ వాదముతోనే రిచర్డ్ లేయర్డ్ అను అర్థశాస్త్రవేత్త, ఆయన సహచరులు 2006లో ఒక నివేదిక సమర్పించిరి. రోగి కోలుకొని పనిలో చేరినచో ప్రభుత్వమునకు మిగులు భృతియు, వచ్చు పన్నును చికిత్స ఖర్చును తీర్చునని వారు లెక్క కట్టిరి. 2008లో ఇంగ్లండు ప్రభుత్వము మాటల చికిత్సను విస్తరింపజేయు పథకమును ప్రారంభించెను.

ప్రపంచమంతటికి వేసిన లెక్కయు ఇట్లే ఉన్నది. కుంగుబాటు, ఆందోళన వ్యాధుల వలన ఏటా 1,200 కోట్ల పనిదినములు, సుమారు ఒక లక్ష కోట్ల డాలర్ల ఉత్పత్తి నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చికిత్స మీద పెట్టిన ప్రతి డాలరుకు ఆరోగ్యము, పని రూపములో నాలుగు డాలర్లు తిరిగివచ్చునని 36 దేశముల గురించి 2016లో వేసిన ఒక అంచనా.

ఉపాధ్యాయులు ఏమి చేయవచ్చును?

పై లెక్కలన్నిటి సారము ఇది. మందు వెల చిన్నది; మందు వరకు పోవు దారి ఖర్చు పెద్దది; మందు లేకుండుట ఖర్చు అన్నిటికంటె పెద్దది. మొదటి దానిని రసాయన శాస్త్రము తగ్గించినది. రెండవది తగ్గవలెనన్న చికిత్స ఊరి సమీపమునకు రావలెను. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఉద్దేశము ఇదియే. చౌక మందుల కొరకు జన ఔషధి కేంద్రములు ఉన్నవి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవలో 14416 అను నంబరుకు ఫోను చేసి, తెలుగులోనే, ఖర్చు లేకుండ, ఏ వేళనైనను సలహా పొందవచ్చును. బస్సు చార్జీయు కూలి నష్టమును లేని మొదటి మెట్టు ఇది.

గణితము బోధించు ఉపాధ్యాయులు పైన ఊహించిన లెక్కను తమ ఊరి బస్సు చార్జీతో, తమ ఊరి కూలి రేటుతో పిల్లలచేత మరల వేయించవచ్చును. శాతములు నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి అభ్యాసము లేదు. ఆ లెక్క వేసిన తరగతిలో, ఇంటిలో ఎవరో కొన్నాళ్లుగా మాట్లాడక, తినక, పనికి పోక ఉన్నారను సంగతి ఎరిగిన పిల్ల ఒకరైనను ఉండవచ్చును. అది సోమరితనము కాదు, వ్యాధి; దానికి చికిత్స ఉన్నది అను ఒక్కమాట ఆ పిల్ల ద్వారా ఆ ఇల్లు చేరినచో, పైన చెప్పిన నూటికి 85 మందిలో ఒకరు తగ్గుదురు.